తళుకు వేరు, అరుదు వేరు
(సేకరణ కార్డులను చదివే పద్ధతి)



ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం నుండి తార్నాక చౌరస్తా వరకు నడిచి వచ్చే యువకుల సంచులలో పాఠ్యపుస్తకాలతో పాటు నేడు మరొక వస్తువు కూడ కనిపిస్తున్నది. అది అరచేతిలో ఇమిడే చిన్న అట్టముక్క. దానిపై ఒక క్రికెట్ ఆటగాని రూపమో, జపాను దేశపు కల్పిత మృగమో, మంత్రగాని చిత్రమో ముద్రింపబడి ఉంటుంది. కొన్ని ముక్కలు సాదాగా ఉంటాయి. మరికొన్ని వెలుగు సోకగానే ఇంద్రధనుస్సు వలె తళుక్కుమంటాయి. ట్రేడింగ్ కార్డులని లోకం పిలిచే వీటిని ఈ వ్యాసంలో సేకరణ కార్డులని వ్యవహరిస్తాను.

పదాన్ని విడదీసి అర్థం చెప్పుట తెలుగు అధ్యాపకుని వృత్తి. ఈ కార్డు కూడ చదువవలసిన ఒక చిన్న గ్రంథమే. దానికి లిపి ఉన్నది, సంకేతాలున్నవి, ముద్రణ చరిత్ర ఉన్నది. చదువ నేర్చినవానికి అది వినోదం, నేర్వనివానికి నష్టం. హాస్టలు విద్యార్థి తన నెల ఖర్చులో నుండి మిగిల్చిన సొమ్మును, బడికి పోయే తమ్ముడు పండుగ నాడు పెద్దలిచ్చిన ఈదీని వీటిపై వెచ్చిస్తున్నప్పుడు, ఈ విషయం కళాశాల పత్రికలో చర్చింపదగనిది కాదని నా అభిప్రాయం.

మొదట ఒక భ్రమను పేర్కొనాలి. "ఇది మెరుస్తున్నది, కనుక ఇది అరుదైనది, అరుదైనది కనుక విలువైనది" అని చాలమంది తలుస్తారు. మన తర్కశాస్త్రంలో పొగను బట్టి నిప్పును ఊహించటం సరియైన అనుమానం. పొగ ఉన్నచోట నిప్పు తప్పక ఉంటుందనే వ్యాప్తి అక్కడ సిద్ధించినది. కాని తళుకుకు, అరుదుకు నడుమ అట్టి వ్యాప్తి లేదు. అరుదుకు, విలువకు నడుమ కూడ లేదు. తళుకు ముద్రణకు సంబంధించిన గుణం. అరుదు సంఖ్యకు సంబంధించిన విషయం. విలువ మానవుల కోరికకు సంబంధించినది. ఈ మూడింటిని వేరువేరుగా చూడగలగటమే ఈ పాఠం యొక్క ఉద్దేశం.

వరఖు, మలాము, గంజీఫా

మిఠాయిపై అద్దే వెండి రేకును మనం వరఖు అంటాము. అరబ్బీ భాషలో ఆ మాటకు ఆకు అనియు, గ్రంథంలోని పుట అనియు అర్థాలు. అరబ్బులు పేకముక్కలను కూడ ఆ పదంతోనే పిలుస్తారు. రేకు, పుట, ముక్క - ఈ మూడూ ఒకే మాటలో ఒదిగినవి. చార్మినారు పరిసరాలలోని పనివారు వెండిని పొరల నడుమ ఉంచి సుత్తితో గంటల తరబడి మోది వరఖును పలుచన చేసేవారు. ఎంత పలుచనైనా అసలైన వరఖు లోపల, వెలుపల వెండే.

ఉర్దూ నుండి మనకు వచ్చిన మరొక మాట మలాము. బంగారు మలాము అనగా లోపలి లోహం వేరు, పైపూత వేరు. సేకరణ కార్డులపై మెరిసే రేకు వరఖు వంటిది కాదు, మలాము వంటిది. ఈ తేడాను గుర్తుంచుకొంటే చాల భ్రమలు తొలగిపోతాయి.

ముక్కలపై బంగారు వన్నె పూయటం నేటి వింత కాదు. మన దేశంలో గంజీఫా ముక్కలకు ప్రాచీన చరిత్ర కలదు. బాబరు చక్రవర్తి 1527లో సింధు ప్రాంతపు షా హసన్‌కు గంజీఫా పంపినట్లు తన ఆత్మకథలో వ్రాసుకొన్నాడు. గుండ్రని ఈ ముక్కలు మొగలుల ఆటలో ఎనిమిది రంగులుగా, రంగుకు పన్నెండు చొప్పున మొత్తం 96 ఉండేవి. మన ప్రాంతంలో నిర్మల్ చిత్రకారులు గంజీఫాను చిత్రించటంలో పేరు పొందినవారు. ప్రభువుల కొరకు దంతంపైన, తాబేటి చిప్పపైన సువర్ణంతో చిత్రించినది దర్బారు కలం; సామాన్యుల కొరకు గుడ్డ, కాగితం అంటించిన అట్టపై చిత్రించినది బజారు కలం.

గంజీఫాలోని ఒక విశేషం ఇక్కడ గమనింపదగినది. ఎనిమిది రంగులలో ఒకటి సుర్ఖ్, అనగా బంగారు నాణెం. మరొకటి సఫేద్, అనగా వెండి నాణెం. అయినను సుర్ఖ్ ముక్కలు పన్నెండే, సఫేద్ ముక్కలు పన్నెండే, గులాము ముక్కలు కూడ పన్నెండే. బంగారు బొమ్మ ఉన్నంత మాత్రాన ఆ ముక్క తక్కిన వాటికంటె అరుదు కాలేదు. దర్బారు కలంలో విలువ పదార్థానిది, చిత్రకారుని శ్రమది, సంఖ్యది కాదు. ఒకే ఆటలోని ముక్కలను కావాలని కొన్నింటిని ఎక్కువగా, కొన్నింటిని తక్కువగా ముద్రించే పద్ధతి చాల తరువాత వచ్చినది.

సిగరెట్టు పెట్టె నుండి

నేటి సేకరణ కార్డుకు పూర్వరూపం పందొమ్మిదవ శతాబ్ది చివరలో అమెరికా, ఇంగ్లండు దేశాల సిగరెట్టు పొట్లాలలో కనిపిస్తుంది. మెత్తని కాగితపు పొట్లం నలిగిపోకుండ లోపల ఒక అట్టముక్క ఉంచేవారు. ఆ అట్టపై బొమ్మ వేస్తే కొనేవాడు మళ్ళీ వస్తాడని వ్యాపారులు గ్రహించారు. వస్తువుకు ఆసరాగా వచ్చిన అట్టముక్కయే చివరకు వస్తువుగా మారినది.

ఈ పరిణామాన్ని అర్థం చేసుకొనుటకు మనం అమెరికాకు పోనక్కరలేదు. హైదరాబాదులో వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ 1930లో స్థాపితమై చార్మినార్ సిగరెట్లను ఇంటింటి మాటగా చేసినది. ఒకప్పుడు మన బస్తీలలో పిల్లలు ఖాళీ సిగరెట్టు పెట్టెల అట్టలను చించి, పందెముగా పెట్టి ఆడుకొనేవారు. ఆ ఆటలో చార్మినార్ అట్టకు విలువ తక్కువ. ప్రతి వీధిలో, ప్రతి చాయ్ హోటలు ముందర అది దొరికేది. విదేశీ పెట్టె అట్టకు విలువ ఎక్కువ; ఎందుకనగా అది ఎప్పుడో గాని చిక్కదు. ఏ గురువూ నేర్పకుండగనే ఆ పిల్లలు అర్థశాస్త్రంలోని ఒక సూత్రాన్ని ఆచరించారు. అదే పెట్టెలో ఉండే వెండి కాగితాన్ని కూడ వారు దాచుకొనేవారు, కాని దానిని పందెముగా పెట్టేవారు కారు. అది మెరిసేది నిజమే. కాని ప్రతి పెట్టెలోను ఉండేది. తళుకు వేరు, అరుదు వేరు అన్న సత్యం వారికి తెలుసు.

1980ల చివర బబుల్‌గమ్‌తో పాటు క్రికెట్ ఆటగాండ్ర బొమ్మలు వచ్చినవి. ఆపై కుస్తీ వీరుల కార్డులు వచ్చినవి. ప్రపంచ స్థాయిలో పెద్ద మార్పు 1993లో జరిగినది. ఆ సంవత్సరం గణితశాస్త్రవేత్త రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన "మాజిక్: ది గాదరింగ్" అనే ఆట అమెరికాలో వెలువడినది. మూసిన పొట్లంలో ఏ కార్డులు ఉన్నవో కొనేవానికి తెలియదు. కొన్ని సామాన్యం, కొన్ని విరళం, కొన్ని దుర్లభం. ఆడుకొనుటకు, మార్చుకొనుటకు, దాచుకొనుటకు ఒకే కార్డు. జపానులో 1996లో పోకెమాన్ కార్డులు, 1999లో యూగియో కార్డులు ఈ మార్గంలోనే వచ్చినవి.

తళుకు ఎట్లా పుడుతుంది?

కార్డుపై మెరిసే రేకు బంగారం కాదు, వెండి కాదు, అల్యూమినియం. పలుచని ప్లాస్టిక్ పొరపై శూన్యంలో అల్యూమినియాన్ని ఆవిరిగా చేసి పట్టిస్తారు. ఆ లోహపు పూత మన తల వెంట్రుక మందంలో సుమారు వెయ్యవ వంతు మాత్రమే. బంగారు వన్నె కావలసినప్పుడు ఆ పూతపై పసుపు రంగు లక్కను పూస్తారు. కాబట్టి బంగారు రేకుకు, వెండి రేకుకు నడుమ భేదం లోహంలో లేదు, రంగులో ఉన్నది.

రంగులు మారే రేకు విషయం ఇంకను ఆసక్తికరమైనది. దాని ఉపరితలంపై కంటికి కనబడని సూక్ష్మమైన గాళ్ళు ఉంటాయి. తెల్లని వెలుగు ఆ గాళ్ళపై పడి ఏడు రంగులుగా విడిపోతుంది. కార్డును వంచినప్పుడు కంటికి చేరే రంగు మారుతుంది. హోలోగ్రాఫీని కనుగొన్న డెనిస్ గాబర్‌కు 1971లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించినది. తరువాత ఆ విద్య ముద్రణాలయానికి చేరి, 1980లలో బ్యాంకు కార్డులపై నకిలీలను అరికట్టే ముద్రగా నిలిచినది. భద్రత కొరకు వాడిన తళుకు పిమ్మట ఆటవస్తువుకు అలంకారమైనది.

రేకును కార్డుకు చేర్చే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది, ముద్రణ పూర్తియైన పిదప వేడి అచ్చుతో కోరిన చోట మాత్రమే రేకును అద్దటం. పెండ్లి శుభలేఖలపై బంగారు అక్షరాలు ఇట్లే వస్తాయి. రెండవది, అట్టకు ముందుగానే రేకును అంటించి దానిపై రంగులు ముద్రించటం. మెరుపు అవసరం లేని చోట తెల్లని సిరాతో కప్పివేస్తారు.

రేకులలో రకాలు

తళుకు కార్డులో ఏ భాగాన ఉన్నదనే ప్రశ్న వేసుకొంటే రకాలు సులభంగా బోధపడతాయి.

1. అక్షర రేకు: పేరు మాత్రమే మెరుస్తుంది, బొమ్మ సాదాగా ఉంటుంది. యూగియో ఆటలో వెండి అక్షరాల పేరు గలది మొదటి మెట్టు దుర్లభ కార్డు.

2. బొమ్మ రేకు: చిత్రం ఉన్న చట్రం మాత్రమే మెరుస్తుంది. సేకర్తలు దీనిని హోలో అంటారు. 1999 జనవరిలో ఆంగ్లంలో వచ్చిన పోకెమాన్ తొలి శ్రేణిలోని 102 కార్డులలో 16 ఇట్టివి. ప్రసిద్ధమైన చారిజార్డ్ వీటిలో ఒకటి.

3. విలోమ రేకు: బొమ్మ సాదాగా ఉండి, చుట్టునున్న భాగం మెరుస్తుంది. పోకెమాన్‌లో ఇది 2002లో ప్రవేశించినది. అతి సామాన్యమైన కార్డు కూడ ఈ రూపంలో మెరవవచ్చును.

4. పూర్తి రేకు: అంచు నుండి అంచు వరకు చిత్రం పరచుకొని, కార్డంతా మెరుస్తుంది.

5. గీతల రేకు: వ్రేలితో తాకితే సన్నని గీతలు తగులుతాయి. ముద్రణలోనే ఉపరితలాన్ని ఉబ్బెత్తుగా చేస్తారు. నకిలీ చేయువారికి ఇది కష్టమైనది కనుక పరీక్షకు బాగా పనికివస్తుంది.

6. రంగు రేకులు: ఆటగాండ్ర కార్డులలో ఒకే బొమ్మను నీలి, పచ్చ, ఎర్ర, బంగారు వన్నెలలో వేరువేరు సంఖ్యలలో ముద్రిస్తారు. టాప్స్ సంస్థ 1993లో రిఫ్రాక్టర్ అనే మెరుపు కార్డులను తెచ్చిన పిమ్మట ఈ పద్ధతి బలపడినది. కొన్నింటిపై "25లో 7వది" అనే విధంగా వరుస సంఖ్య కూడ వేస్తారు.

ఈ ఆరింటిలో మొదటి ఐదు తళుకు ఉన్న స్థానాన్ని, స్వభావాన్ని చెబుతాయి గాని, ఎన్ని ప్రతులు ముద్రించినదీ చెప్పవు. ఆరవ దానిలో కూడ సంఖ్య వేసినప్పుడే ఆ విషయం తెలుస్తుంది.

ఆమ్, కమ్‌యాబ్, నాయాబ్

అరుదు విషయంలో ఉర్దూ భాషలో చక్కని మాటలున్నవి. అందరికీ దొరికేది ఆమ్. కొద్దిగా దొరికేది కమ్‌యాబ్. దొరకనే దొరకనిది నాయాబ్. తెలుగులో సామాన్యం, విరళం, దుర్లభం అనవచ్చును. కార్డుల లోకపు మెట్లకు ఈ మాటలు సరిపోతాయి.

ఈ మెట్లను కార్డుపైననే సూచిస్తారు. పోకెమాన్ కార్డు అడుగు భాగాన చిన్న వృత్తం ఉంటే సామాన్యం, వజ్రాకృతి ఉంటే విరళం, నక్షత్రం ఉంటే దుర్లభం. 2023లో ఆరంభమైన "స్కార్లెట్ అండ్ వయొలెట్" ఆంగ్ల శ్రేణిలో నక్షత్రాల సంఖ్య, రంగు కూడ లెక్కకు వచ్చినవి. రెండు నల్ల నక్షత్రాలు ఒక మెట్టు, రెండు వెండి నక్షత్రాలు మరొకటి, మూడు బంగారు నక్షత్రాలు ఇంకొకటి. మాజిక్ ఆటలో 1998 నుండి శ్రేణి చిహ్నపు రంగే మెట్టును చెబుతున్నది. నలుపు సామాన్యం, వెండి విరళం, బంగారు దుర్లభం. 2008లో వీటికి పైన నారింజ ఎరుపు చేరినది.

సంఖ్య కూడ ఒక సాక్షి. "102లో 4" అనగా 102 కార్డుల శ్రేణిలో నాల్గవది. కాని 2000లో వచ్చిన "టీమ్ రాకెట్" శ్రేణిలో 82 కార్డులే ప్రకటింపబడగా, ఒక కార్డుపై 83 అని ఉన్నది. లెక్కకు వెలుపల ఉన్న ఇట్టి కార్డులను రహస్య కార్డులంటారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1999లో పోకెమాన్ తొలి శ్రేణిలో బొమ్మ మెరిసినదంటే అది దుర్లభమని చెప్పవచ్చును. అదే సంవత్సరం మాజిక్ ఆటలో సామాన్యమైన కార్డులు కూడ రేకు రూపంలో వెలువడినవి. 2002లో విలోమ రేకు వచ్చి పోకెమాన్‌లోను సామాన్యాన్ని మెరిపించినది. 2023 శ్రేణి నుండి నక్షత్రం ఉన్న ప్రతి కార్డు మెరుస్తున్నది. అంటే ప్రతి పొట్లంలోను మెరిసే కార్డు ఉండి తీరుతుంది. ఒకప్పుడు తళుకు అరుదుకు గుర్తు. నేడు అది పొట్లం విప్పినవానికి కలిగించే సంతోషం మాత్రమే. చిహ్నాన్ని చదవనిదే మెట్టు తెలియదు.

ముద్రించిన అరుదు, మిగిలిన అరుదు

అరుదులోను రెండు జాతులున్నవి. ముద్రణాలయం నిర్ణయించినది ఒకటి. కాలం నిర్ణయించినది రెండవది.

అమెరికాలో 1909 - 1911 నడుమ సిగరెట్టు పొట్లాలతో వచ్చిన బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు నేడు అరవై ప్రతులకు మించి కానరాదు. అందులో ఒకటి 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకు చేతులు మారినది. అదే సంవత్సరం మికీ మాంటిల్ అనే ఆటగాని 1952 నాటి టాప్స్ కార్డు ఒకటి 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడైనది. ఆ శ్రేణిలో అమ్ముడుపోక మిగిలిన పెట్టెలను 1960లో పడవ మీద తీసుకొనిపోయి సముద్రంలో పారవేసినట్లు ఆ సంస్థలో పనిచేసిన సై బెర్గర్ చెప్పాడు. నాడు ఎవరికీ అక్కరలేని అట్ట నేడు నాయాబ్ అయినది. ఈ రెండు కార్డులలో ఏ ఒక్కదానిపైనా రవంత రేకు లేదన్న సంగతి మరువరాదు.

అయితే పాతదైనంత మాత్రాన అరుదు కాదు. దీనికి మన ఊరి నుండే ఒక ఉదాహరణ చెప్పవచ్చును. అది కార్డు కాదు, తపాలా బిళ్ళ. కాని సూత్రం ఒకటే. హైదరాబాదు సంస్థానం 1869 నుండి సొంత తపాలా బిళ్ళలను వెలువరించినది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రజతోత్సవ సందర్భంగా 1937లో నాలుగు బిళ్ళలు వచ్చినవి. నాలుగు పైల బిళ్ళపై యునానీ ఆసుపత్రి, ఎనిమిది పైల బిళ్ళపై ఉస్మానియా ఆసుపత్రి, అణా బిళ్ళపై ఉస్మానియా విశ్వవిద్యాలయం, రెండణాల బిళ్ళపై జూబిలీ హాలు ముద్రించారు. మన విశ్వవిద్యాలయపు బొమ్మ ఉన్న ఆ అణా బిళ్ళ వయస్సు ఎనుబది ఏండ్లు దాటినది. అయినను సేకర్తల బజారులో అది నేటికీ సామాన్య మూల్యానికే లభిస్తుంది. ప్రజల ఉత్తరాలపై విరివిగా వాడుక కొరకు ముద్రింపబడినది కనుక మిగిలినవి కూడ అనేకం. మనకు దానిపై ఉన్న మమత వేరు, దాని అరుదు వేరు.

దీనికి విపర్యయం కూడ సత్యమే. "25లో 7వది" అని సంఖ్య వేసిన ఒక అనామక ఆటగాని కార్డు లోకంలో ఇరువదియైదే ఉండవచ్చును. కాని దానిని కోరేవారు పదిమందియే అయితే పదునైదు కార్డులు మిగిలిపోతాయి. కోరిక లేని అరుదుకు మూల్యం లేదు.

పొట్లం లెక్క

మూసిన పొట్లంలో అదృష్టం ఎంత? ఒక ఊహాత్మకమైన లెక్క చూద్దాం. ఒక మెట్టుకు చెందిన కార్డు సగటున 36 పొట్లాలకు ఒకటి వస్తుందని అనుకొందాం. 36 పొట్లాలు కొంటే తప్పక ఒకటి వస్తుందని చాలమంది నమ్ముతారు. సంభావ్యతా సూత్రం ప్రకారం కనీసం ఒకటైనా వచ్చే అవకాశం నూటికి సుమారు 64 మాత్రమే. అనగా ముప్పదియారు పొట్లాలు కొన్న వందమందిలో దాదాపు 36 మంది వట్టి చేతులతో మిగులుతారు.

ఆ మెట్టులో పది వేరువేరు కార్డులున్నవని, మనకు వాటిలో ఒకటే కావలెనని అనుకొందాం. అప్పుడు సగటు 360 పొట్లాలకు పెరుగుతుంది. పది కార్డులూ కావలెనన్న పట్టుదల ఇంకను ఖరీదైనది. ప్రతి కార్డు సమానంగా వచ్చే పక్షంలో, పదింటిని పూర్తిచేయుటకు ఆ మెట్టు కార్డులు సగటున 29 రావాలి. అందులో చిట్టచివరి ఒక్కదాని కొరకే సగటున పది కార్డులు తీయాలి. చేతిలో తొమ్మిది ఉన్నవానికి "ఇంకొక్కటేగదా" అనిపిస్తుంది. లెక్కలో మాత్రం మూడవ వంతు దారి ఇంకను మిగిలియే ఉన్నది. గడచిన పొట్లాలను తరువాతి పొట్లం గుర్తుంచుకోదు. "ఇన్ని పోయినవి గనుక ఈసారి వస్తుంది" అనే ఆశ జూదగానిది, సేకర్తది కాదు. ఒకే కార్డు కావలసినవాడు దానిని విడిగా కొనుక్కొనుట మేలు.

నకిలీలు, భద్రత

బజారులో పెట్టెకు పెట్టె బంగారు రంగు కార్డులు చౌకగా అమ్ముతున్నారు. పెట్టెలోని ప్రతి కార్డు తళతళలాడుతుంది. తళుకే అరుదు అని నమ్మే పిల్లవానికి అది నిధి. గంజీఫా పాఠాన్ని జ్ఞాపకం చేసుకొన్నవానికి అక్కడనే అనుమానం కలుగుతుంది. అన్నీ బంగారమైన చోట ఏదీ అరుదు కాదు. అసలు శ్రేణిలో సామాన్యం విస్తారంగా ఉండి, దుర్లభం కొద్దిగా ఉంటుంది.

పరీక్షకు కొన్ని సులభ మార్గాలున్నవి. అసలు కార్డును, సందేహమున్న కార్డును పక్కపక్కన పెట్టి వెనుకవైపు రంగును, అక్షరాల ఆకృతిని పోల్చాలి. అచ్చు తప్పులున్నవేమో చూడాలి. సంఖ్యకు, చిహ్నానికి, శ్రేణికి పొంతన కుదరాలి. ప్రసిద్ధ సంస్థల కార్డుల అట్టలో నలుపు లేక నీలి వన్నె గల సన్నని పొర ఉండి వెలుగును చాలవరకు ఆపుతుంది. నాసి నకిలీని దీపానికి ఎదురుగా పెడితే వెలుగు సులభంగా దూసుకొని వస్తుంది. గీతలుండవలసిన చోట నునుపుగా ఉంటే సందేహించాలి. ఏ ఒక్క పరీక్షతోను తీర్పు చెప్పరాదు. రెండు మూడు సాక్ష్యాలు ఏకీభవించాలి.

కార్డు స్థితి కూడ మూల్యాన్ని శాసిస్తుంది. కార్డులను పరీక్షించి 1 నుండి 10 వరకు అంకెలు వేసే పి.ఎస్.ఎ. అనే సంస్థ అమెరికాలో 1991లో వెలసినది. మూలలు నలిగినవా, అంచులు తెల్లబడినవా, బొమ్మ మధ్యకు కుదిరినదా, ఉపరితలంపై గీతలున్నవా అని చూస్తారు. రేకు కార్డుపై గోటి గీత కూడ స్పష్టంగా కనిపిస్తుంది కనుక దానికి మరింత జాగ్రత్త అవసరం.

రేకు కార్డులు వంకర తిరుగుటకు కారణం మన వాతావరణంలోనే ఉన్నది. అట్ట తేమను పీల్చి వ్యాకోచిస్తుంది, ఎండకు సంకోచిస్తుంది. లోహపు పూత గల ప్లాస్టిక్ పొర అట్లా మారదు. హైదరాబాదు వానకాలంలో కార్డు రేకు వైపుకు ముడుచుకొంటుంది; వేసవి ఎండలలో వెనుకవైపుకు వంగుతుంది. ప్లాస్టిక్ తొడుగులో ఉంచి, ఎండ తగలని చోట, తేమ చేరని పెట్టెలో నిలువుగా పేర్చి పెట్టటం మంచిది. వంకర తిరిగినది కదాయని ఇస్త్రీ పెట్టెకు అప్పగించరాదు.

ముగింపు

ఇంతవరకు చెప్పిన దానిని నాలుగు ప్రశ్నలుగా కుదించవచ్చును. ఈ తళుకు కార్డులో ఎక్కడ ఉన్నది? చిహ్నము, సంఖ్య ఏమి చెబుతున్నవి? ఇట్టివి ఎన్ని మిగిలి ఉన్నవి? వీనిని కోరేవారు ఎందరు? మొదటి ప్రశ్నకు కన్ను చాలును. రెండవదానికి చదువు కావాలి. మూడవదానికి చరిత్ర, నాలుగవదానికి లోకజ్ఞానం కావాలి. చాలమంది మొదటి ప్రశ్న వద్దనే ఆగిపోయి మూల్యం చెల్లిస్తారు.

కార్డులు మార్పిడి కొరకు పుట్టినవి. మార్పిడిలో ఇరుపక్షాలకు సమానమైన తెలివి ఉండదు. డిగ్రీ విద్యార్థికి నక్షత్రం తెలుసు. ఆరవ తరగతి పిల్లవానికి తళుకు మాత్రమే తెలుసు. మెరిసే సామాన్యాన్ని ఇచ్చి మెరవని దుర్లభాన్ని తీసుకొనుట ఎంతో సులభం. తూకంలో మోసం చేయరాదని మన పెద్దలు దుకాణదారుకు చెప్పిన నీతి ఈ అట్టముక్కలకు కూడ వర్తిస్తుంది. తెలిసినవాడు ముందుగా తెలియనివానికి చిహ్నాన్ని చూపి, దాని అర్థం చెప్పి, పిదప మార్పిడికి కూర్చోవాలి. అప్పుడు కూడ ఆ పిల్లవాడు తళుకునే కోరుకొంటే అది అతని ఇష్టం. బొమ్మను ప్రేమించే హక్కు ఎవరికైనా ఉన్నది.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. నాణేలు, తపాలా బిళ్ళలు, కార్డులు సేకరించే విద్యార్థులు మనలో ఉన్నారు. మాసానికొక సాయంత్రం గ్రంథాలయంలో వారికొక బల్ల కేటాయించి, ప్రతి సేకరణకు ఒక పట్టిక వ్రాసే అలవాటు చేయిస్తే, వినోదం విద్యగా మారుతుంది. పేరు, శ్రేణి, సంవత్సరం, సంఖ్య, చిహ్నం, రేకు రకం, స్థితి, తనకు పడిన ఖరీదు - ఈ ఎనిమిది గడులు నింపిన విద్యార్థి ఒక వస్తువును శ్రద్ధగా పరిశీలించుట నేర్చుకొంటాడు. ఆ ఎనిమిదవ గడిని నెల చివర కూడి చూసుకొనుట మాత్రం మరువరాదు.